మన పసిబిడ్డలతో మాట్లాడుచున్నామా?



సంఘ కాపరి పని అంటేనే మాటల పని. ఆదివారము ప్రసంగము, బుధవారము గృహ కూడిక, శుక్రవారము ఉపవాస ప్రార్థన, మధ్యలో పెండ్లిండ్లు, సమాధి కార్యక్రమములు. వారమంతా మా నోటికి తీరిక ఉండదు. అటువంటి మా ఇంటిలో రెండేండ్లు నిండిన మా బాబు, దాహము వేస్తే "నీళ్ళు" అనలేక, మా వేలు పట్టుకొని కుండ దగ్గరకు లాక్కొనిపోయేవాడు. ఈ సంగతి వ్రాయుటకు మాకు సిగ్గుగానే ఉన్నది. అయినా మా అనుభవము మరొక ఇంటికి ఉపయోగపడుతుందని వ్రాయుచున్నాము.

మేము పల్నాటి పల్లెలో కాపురమున్నాము. పత్తి, మిరప పండే నేల. మా అమ్మాయి పుట్టిన ఎనిమిదేండ్లకు, 2019 జూన్‌లో బాబు పుట్టాడు. మొదటి నెలలలో చక్కగా నవ్వేవాడు, ఊ కొట్టేవాడు. "అత్త", "తాత" అనడము కూడ మొదలుపెట్టాడు. అంతలో 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మందిరము మూతపడింది. విశ్వాసులకు వాక్యము పంపుటకు మేము అప్పు చేసి పెద్ద తెర ఉన్న ఫోను కొన్నాము. వాక్యము పంపే పని వారానికి ఒక గంట మాత్రమే. మిగిలిన వేళలలో ఆ ఫోను బాబు చేతిలోనే ఉండేది.

మా శ్రీమతి కుట్టుమిషను మీద పని చేసుకోవలెను, మేము ప్రసంగము సిద్ధపరచుకోవలెను, అమ్మాయికి పాఠములు. ఫోనులో బొమ్మల పాటలు పెడితే బాబు కదలడు, ఏడ్వడు. అన్నము ముద్ద నోటి దగ్గరకు తీసుకొని వెళ్తే తెర మీద నుండి చూపు తిప్పకుండా నోరు తెరిచేవాడు. ఏమి తింటున్నాడో వానికే తెలియదు. వచ్చినవారు "అయ్యగారి బాబు ఎంత బుద్ధిమంతుడో" అని మెచ్చుకొనేవారు. మేమూ సంతోషించాము. ఆ నిశ్శబ్దము మంచితనము కాదని మాకు తోచలేదు.

రెండేండ్లు నిండేసరికి వానికి ఐదారు మాటలు తప్ప లేవు. అప్పుడు సలహాలు మొదలైనవి. "మగపిల్లలకు మాటలు ఆలస్యమేనండీ" అని ఒకరు. "వాళ్ళ మేనమామకు నాలుగేండ్లకు గాని నోరు పెగలలేదు" అని బంధువులు. "పుట్టినప్పుడు వస పోయలేదా అమ్మగారూ? ఇప్పుడైనా వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయండి, వసపిట్టలా మాట్లాడతాడు" అని ఇంకొకరు. చాటున మాత్రము "తల్లికి మిషనే లోకం" అన్నారట. ఆ మాట మా శ్రీమతి చెవిన పడింది. ఆ రాత్రి ఆమె భోజనము చేయలేదు. తండ్రి ఏమి చేస్తున్నాడని మాత్రము ఎవరూ అడుగలేదు.

కోడిపెట్ట నేర్పిన పాఠము

మా సంఘములో ఒక అవ్వ ఉన్నది. చదువు లేదు. కూతురు కూలికి వెళ్తే మనుమరాలిని చూచుకొనేది ఆమెయే. ఆ పాప మా బాబుకంటే నాలుగు నెలలు చిన్నది. ఒక సాయంకాలము అవ్వ పాపను చంకన వేసుకొని ప్రార్థన కొరకు మా ఇంటికి వచ్చింది. పెరటిలో కోడిపెట్ట పిల్లలతో తిరుగుతున్నది. మా బాబు దానిని చూచి వేలు చూపి నిలబడ్డాడు. పెట్ట గోడ చాటుకు వెళ్ళగానే ఆ పాప చప్పట్లు కొట్టి, "అవ్వా, కోయి పోయే" అన్నది. "కోడి" అని నోరు తిరగలేదు, కాని రెండు మాటలు కలిపింది. మా బాబు వేలు ఇంకా గోడవైపే చూపుచున్నది. మా శ్రీమతి లేచి వంటింటిలోనికి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో మాకు తెలిసింది.

ఆ తరువాతి వారమే గుంటూరులో పిల్లల డాక్టరుగారి యొద్దకు తీసుకొని వెళ్ళాము. ఆయన మొదట వినికిడి పరీక్ష చేయించారు. చెవులు బాగుగానే ఉన్నవి. పిలిస్తే చూస్తున్నాడా, వేలు చూపి అడుగుతున్నాడా, కళ్ళలోనికి చూచి నవ్వుతున్నాడా అని అన్నీ పరిశీలించారు. పిమ్మట మమ్మును అడిగారు: "ఇంట్లో బాబుతో ఎవరు మాట్లాడతారు?"

"అందరమూ మాట్లాడతామండీ. మాది ఎప్పుడూ పదిమంది వచ్చిపోయే ఇల్లు" అన్నాము.

"బాబు ఎదుట మాట్లాడతారా, బాబుతో మాట్లాడతారా?"

మాకు జవాబు దొరకలేదు. వాని తలమీదుగా లక్ష మాటలు పోయాయి. వాని కొరకు అన్న మాటలు ఎన్ని? "తిను, పడుకో, వద్దు, ముట్టుకోకు." ఇవే.

డాక్టరుగారు ఫోను పూర్తిగా ఆపమన్నారు. వస నాకించవద్దని, దానివలన వాంతులు అయ్యే ప్రమాదమున్నదే గాని మాటలు రావని చెప్పారు. మాటలు నేర్పే నిపుణురాలి దగ్గరకు పంపారు. ఆమె చెప్పిన సంగతులు విని వచ్చిన తరువాత మేము అవ్వను కొత్త కన్నులతో చూచాము. నిపుణురాలు నేర్పినది అవ్వ అప్పటికే చేస్తున్నది!

ఫోను కూడ మాట్లాడుతుంది కదా!

ఫోనులో వినపడేవీ మాటలే కదా, వానితో మాట ఎందుకు రాదు అని మాకు సందేహము కలిగింది. దీనికి జవాబు ఒక పరిశోధనలో ఉన్నది. 2003లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో పెట్రీషియా కూల్ అను శాస్త్రవేత్త తన తోటివారితో కలిసి తొమ్మిది నెలల పసివారి మీద ఒక పరీక్ష జరిపారు. వారందరూ ఇంగ్లీషు మాట్లాడే ఇండ్లలోని బిడ్డలు. కొందరితో చైనా వారి మాండరిన్ భాష వచ్చిన మనుషులు ఎదురుగా కూర్చొని, బొమ్మలు చూపుతూ, పుస్తకములు చదువుతూ 12 సార్లు ఆడారు. మరి కొందరికి అదే మనుషులను, అదే మాటలను టీవీలో చూపారు. మనిషితో ఆడిన బిడ్డలు ఆ భాష ధ్వనులను గుర్తుపట్టారు. టీవీ చూచిన బిడ్డలు మాత్రము ఆ భాష అసలు విననివారి వలెనే ఉండిపోయారు.

టీవీ, ఫోను మాట్లాడతాయి గాని బిడ్డ వైపు చూడవు. బిడ్డ ఒక శబ్దము చేస్తే ఆగి వినవు. వాడు కాకిని చూచి ఆశ్చర్యపడితే తెర మీద ఏనుగు పాట సాగిపోతూనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనలలో, ఏడాది లోపు పిల్లలకు తెర అసలు చూపవద్దనీ, ఏడాది పిల్లలకు కూడ తగదనీ, రెండేండ్ల నుండి నాలుగేండ్ల వారికి రోజుకు ఒక గంట మించరాదనీ, ఎంత తక్కువైతే అంత మేలనీ చెప్పింది.

అవ్వ ఏమి చేసేది?

బోరింగు దగ్గర ఆమె నీళ్ళు పట్టుకొనేటప్పుడు మేము గమనించాము. పాపను గట్టు మీద కూర్చోబెట్టి, "నీళ్ళు పడతన్నా తల్లీ. బిందె నిండిందా? సూడు" అని ఆగేది. పాప తొంగి చూచేది. అవ్వ తొందరపడదు. పాప తల అడ్డముగా ఊపితే, "నిండలా! ఇంకా కొట్టాలా?" అని మళ్ళీ ఆగేది. "కొట్టు" అనేది పాప. అవ్వ కొట్టేది. ఇందులో పాఠము లేదు, పలక లేదు, ఖర్చు లేదు. నీళ్ళు ఎట్లాగూ పట్టవలసినవే.

ప్రియులారా, మేము గ్రహించిన సంగతి ఇది. మాట చెప్పుట సగము పని మాత్రమే. చెప్పి ఆగుట మిగిలిన సగము. బంతి ఆటలో మనమే విసిరి మనమే పట్టుకుంటే బిడ్డకు ఆట ఎట్లు వస్తుంది? బంతి వాని చేతికి వెళ్ళవలెను, వాడు తిరిగి వేయువరకు మనము చేతులు చాచి నిలిచియుండవలెను. ప్రసంగించుట అలవాటైన మాకు ఈ ఆగుట చాలా కష్టమైనది.

మా ఇంటిలో ఏమి చేశాము?

ఫోను బీరువాలో పెట్టాము. మూడు దినములు ఇల్లు ఏడ్పుతో నిండిపోయింది. నాల్గవ దినమున బాబు వంటింటిలోనికి వెళ్ళి గిన్నెలు తీసి కొట్టుట మొదలుపెట్టాడు. మాకు అది సంగీతము వలె వినబడింది.

స్నానము పోయుట మా వంతు చేసుకొన్నాము. "ఇది చెయ్యి. చేతికి సబ్బు. ఇప్పుడు కాలు. కాలు ఏదీ?" అని అడిగి ఆగేవారము. చెంబు ఎత్తి పట్టుకొని, "పోయనా?" అని మనస్సులో పది లెక్కపెట్టేవారము. వాడు మా ముఖము చూచేవాడు, చెంబు చూచేవాడు. నాలుగు రోజులు జవాబు లేదు. చూపునే జవాబుగా తీసికొని పోసేవారము. ఐదవ నాడు "పొ" అన్నాడు. వెంటనే పోశాము. "పొ కాదురా, పోయి అను" అని దిద్దలేదు. నిపుణురాలు ముందే హెచ్చరించింది: బిడ్డ నోట తప్పుగా వచ్చిన మాటను ఎత్తిచూపవద్దు, అదే మాటను మనము సరిగా పలికి, మరొక మాట చేర్చి ఇవ్వవలెను అని. వాడు "నీలు" అంటే, "అవును, నీళ్ళు! వేడి నీళ్ళు" అనేవారము. కొన్నాళ్ళకు వాడే "వేయి" అని ఆవిరి మీద చేయి పెట్టబోయి వెనుకకు తీసుకొనేవాడు.

మా శ్రీమతి కూర తరిగేటప్పుడు వానిని ప్రక్కన కూర్చోబెట్టుకొనేది. చిక్కుడుకాయలు ఇచ్చి, "గిన్నెలో వెయ్యి. ఒకటి వేశావు! ఇంకొకటి?" అనేది. పెద్ద గరిటె, చిన్న గరిటె. మూత పెట్టు, మూత తియ్యి. లోపల ఏమున్నది? అడుగున ఒక ఉల్లిపాయ దాచి మూత తీయించేది. కందులు, శనగలు వంటి గింజలు మాత్రము చేతికి ఇవ్వలేదు. పసివారు ముక్కులో పెట్టుకొంటారు, గొంతుకు అడ్డము పడే ప్రమాదమున్నది. మిరపకాయల సంగతి మన ప్రాంతపు తల్లులకు మేము చెప్పనక్కరలేదు.

ఇండ్ల దర్శనమునకు వెళ్ళేటప్పుడు దగ్గర ఇండ్లకు మోటారు సైకిలు మానివేశాము. బండి చప్పుడులో మాట వినబడదు. నడిచి వెళ్తూ వాడు దేనిని చూస్తే దాని పేరే చెప్పేవారము. వాడు గేదెను చూస్తుంటే మేము ట్రాక్టరును చూపించేవారము కాదు. "గేదె. నల్ల గేదె. గడ్డి తింటోంది." వాడు నిలబడితే మేమూ నిలబడేవారము. పది నిమిషముల దారికి అరగంట పట్టేది. విశ్వాసులు అర్థము చేసుకొన్నారు.

సాయంకాలము ఆటలు. ఉప్పుమూట ఆడుతూ వీపు మీద మోసుకొని వెళ్ళి, సగములో ఆగిపోయేవారము. కదలవలెనంటే వాడు ఏదో ఒకటి అనవలెను. "ఇంకా" అనే మాట వానికి ఆ విధముగానే వచ్చింది. అక్క తువ్వాలు ముఖము మీద వేసుకొని దాగుడుమూతలు ఆడేది. "అక్క ఏదీ?" అని మేము, "ఇయిగో" అని వాడు. చప్పట్లు కొడుతూ చంటిపాటలు పాడేటప్పుడు చివరి మాట పాడకుండ ఆగేవారము. ఆ ఖాళీని వాడు నింపేవాడు. బువ్వ, లాల, తాయిలం, జోజో అని మన పెద్దలు పసివారితో వాడే ముద్దుమాటలు కూడ సంకోచించక వాడాము. అవి తేలికగా పలుకుటకు వీలైన మాటలు.

సండేస్కూలులో వాడే నోవహు ఓడ పటము ఒకటి పాతది ఉన్నది. పడుకునే ముందు దానిని పరచి, కథ అంతా చదవక, వాడు వేలు పెట్టిన జంతువును గూర్చియే మాట్లాడేవారము. ప్రతి రాత్రి ఒంటెయే కావలెను. ప్రతి రాత్రి ఒంటెను గూర్చియే చెప్పాము. ఒకే సంగతి పదేపదే వినుట పెద్దలకు విసుగు గాని పసివారికి అదే బలము.

2021 క్రిస్మస్‌కు ముందటి ఆదివారము మేము ప్రసంగించుచుండగా, స్త్రీల వైపు తల్లి ఒడిలో కూర్చున్న మా బాబు లేచి నిలబడి స్పష్టముగా, "నాన్నా, చాలు!" అన్నాడు. మందిరమంతా నవ్వింది. వాడు రెండు మాటలు కలిపి అనగా మేము వినుట అదే మొదలు. మా కన్నులు చెమర్చినవి. ప్రసంగము అంతటితో ముగించాము. అవ్వ మాత్రము బయటకు వచ్చి, "నిజమే సెప్పాడు అయ్యగారూ" అన్నది.

కొన్ని జాగ్రత్తలు

మాట ఆలస్యమైన ప్రతి బిడ్డ విషయములో కారణము మా ఇంటి వంటిదే అని అనుకొనరాదు. మా సంఘములోనే మరొక పాప ఉన్నది. తల్లి ఎంతో మాట్లాడేది, పాటలు పాడేది. అయినను మాట రాలేదు. "ఆలస్యమే" అని మూడేండ్ల వరకు ఆగారు. చూపిస్తే వినికిడి లోపమని తేలింది. చెవికి యంత్రము అమర్చి, మాట శిక్షణ ఇప్పించిన తరువాత ఆ బిడ్డ మాట్లాడుచున్నది. ఆ తల్లి ఒకసారి, "నా పాటలు దానికి వినపడనే లేదు అయ్యగారూ" అని ఏడ్చింది. కనుక మాట ఆలస్యమైతే మొదట చెవి పరీక్ష చేయించండి.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, కావలసినదానిని వేలితోగాని చేతితోగాని చూపకపోయినా, రెండేండ్లు నిండినా రెండు మాటలు కలిపి అనకపోయినా డాక్టరుకు చూపించండి. వచ్చిన మాటలు ఏ వయస్సులోనైనా పోతే ఒక్క దినము కూడ ఆలస్యము చేయవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో అంగన్‌వాడీ పిల్లలకు ఎదుగుదల లోపముల పరీక్షలు కూడ ఉన్నవి. అవసరమైన బిడ్డలను జిల్లాలలోని సత్వర చికిత్సా కేంద్రములకు పంపుతారు. అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను అడగండి. అడుగుటలో అవమానము లేదు.

మరొక మాట. మనలో కొందరు పసివానితో ఆపిల్, బాల్ అని వచ్చీరాని ఇంగ్లీషులోనే మాట్లాడుచున్నారు. మనకు ధారాళముగా వచ్చిన భాషలోనే బిడ్డతో మాట్లాడుదము. మా దగ్గరి సుగాలీ తండాలోని ఒక తల్లి, "మా అత్త లంబాడీలో మాట్లాడితే పిల్లాడికి తెలుగు రాదేమో" అని భయపడింది. భయము లేదు. బిడ్డ రెండు భాషలు నేర్చుకొనగలడు. రెండు భాషలు వినుటవలన మాట ఆగిపోదు. నాయనమ్మ నోటి కథలు ఆపవద్దని చెప్పాము.

మిరప కోతలకు తెల్లవారకముందే వెళ్ళి, చీకటిపడి వచ్చే తల్లులకు సమయమెక్కడిది అని అడుగవచ్చును. నిజమే. మేము కొత్త పని చేయమనుట లేదు. స్నానము ఎట్లాగూ పోస్తారు, అన్నము ఎట్లాగూ పెడతారు. ఆ పదిహేను నిమిషములలో మాట కలపండి. తండ్రులారా, ఈ పని తల్లుల మీదనే మోపవద్దు. నింద వచ్చినప్పుడు తల్లికి, మెప్పు వచ్చినప్పుడు మనకు అనుట న్యాయము కాదు.

ఆదికాండము రెండవ అధ్యాయములో ఒక సంగతిని మేము ఎన్నిసార్లు చదివినా గమనించలేదు. దేవుడు జంతువులను, పక్షులను ఆదాము ఎదుటికి తెచ్చి, వాటి పేర్లు తానే చెప్పివేయలేదు. ఆదాము ఏమని పిలుస్తాడో చూడవలెనని కోరుకొన్నాడు. సమస్తమును ఎరిగిన దేవుడే మనుష్యుని నోటి మాట కొరకు ఆగాడు. మనము మన పసివారి ఎదుట ఒక నిమిషము ఆగలేమా?

ఇప్పుడు మా బాబు బడికి వెళ్ళుచున్నాడు. వాని మాటలకు అంతులేదు. "కొంచెము ఊరుకోరా" అని మా నోటికి వచ్చినప్పుడెల్లా ఆ కుండ, మా వేలు పట్టుకొని లాగిన ఆ చిన్న చేయి జ్ఞాపకము వచ్చి నోరు మూసుకొంటాము.

ఈ సాయంకాలము మీ బిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు చెంబు ఎత్తి, "పోయనా?" అని అడగండి. అడిగి, ఆగండి.